ఆకుపచ్చ గుర్తు చెప్పని సంగతి – డాక్టర్ జనార్దన్ రెడ్డిగారి పరిశోధన మనకు నేర్పే పాఠం



మా మైలవరం ప్రాంతంలో మామిడి చెట్లు పూతమీద ఉన్నప్పుడు తోటల్లోకి వెళితే పూత వాసన కంటే ముందు మందు వాసన ముక్కుకు తగులుతుంది. తేనెమంచు పురుగుకు ఒక మందు, బూడిద తెగులుకు ఒక మందు, పిందె నిలవడానికి మరొకటి. ఒక రోజు ఉదయం నా వద్దకు పరిచయస్థుడైన ఒక రైతు వచ్చాడు. నాలుగు రోజులుగా తలనొప్పి, ఒళ్ళంతా నిస్సత్తువ. పరీక్షించి చూశాను. కంటిపాపలు మామూలుగానే ఉన్నాయి. చొంగ, చెమట, కండరాల అదురు లేవు. నాడి సరిగానే ఉన్నది. తక్షణ ప్రమాదమేమీ లేదని ధైర్యం చెప్పి, ఏ మందు కొట్టావని అడిగాను. సంచిలో నుంచి ఖాళీ డబ్బా తీసి చూపించాడు.

"ఆకుపచ్చ గుర్తు మందేనండి డాక్టరుగారూ! దీనివల్ల ఏమీ కాదని షాపాయన చెప్పాడు. అందుకే ముఖానికి గుడ్డ కూడా కట్టుకోలేదు. పదేళ్ళనుంచీ ఇదే కొడుతున్నా" అన్నాడు.

ఆ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "ఏమీ కాదు" అన్న మాటలో "ఈ రోజు" అన్న మాట దాగి ఉన్నదని అతనికి ఎట్లా చెప్పాలి? ఈ రోజు ఏమీ కాని వస్తువు పది సంవత్సరాల తరువాత కూడా ఏమీ కాదని ఆ డబ్బా మీది రంగు చెప్పగలదా? చెప్పలేదు. ఈ సంగతిని ప్రయోగశాలలో రుజువు చేసి, అది ఎందువలన జరుగుతుందో అణువుల స్థాయి వరకు వెంబడించిన శాస్త్రవేత్తలలో మన తెలుగువారొకరు ముందు వరుసలో ఉన్నారు. ఆయన డాక్టర్ జనార్దన్ కె. రెడ్డిగారు. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మన పిల్లలకు కొంతైనా తెలుసు. రెడ్డిగారి పేరు వైద్యులలో కూడా చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

ఉస్మానియా నుంచి చికాగో వరకు

జనార్దన్ రెడ్డిగారు హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదివి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పథాలజీలో ఎం.డి. పట్టా పొందారు. 1960లలో అమెరికా వెళ్ళి కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. 1976లో చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అక్కడ పథాలజీ విభాగానికి పదేళ్ళకు పైగా అధ్యక్షులుగా ఉన్నారు. మనలాగే మన ప్రభుత్వ కళాశాలల శవపరీక్ష గదులలో, అరకొర సూక్ష్మదర్శినుల ముందు చదువు ప్రారంభించిన మనిషి.

ఆయన జీవితకాలపు కృషి ఒక చిన్న వస్తువు చుట్టూ తిరిగింది. దాని పేరు పెరాక్సిసోము. మన శరీరంలోని కణాలలో, ముఖ్యంగా కాలేయ కణాలలో, అతి సూక్ష్మమైన సంచుల వంటి నిర్మాణాలు ఇవి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత, 1950లలో, మొదట వీటిని గమనించారు. వీటిలో ఏమున్నదో జీవరసాయన పద్ధతులతో తేల్చి వీటికి పెరాక్సిసోములని పేరు పెట్టినవాడు బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియాన్ ద దూవ్.

మన వంటింటితో పోల్చి చెబుతాను. కణంలో మైటోకాండ్రియా పెద్ద పొయ్యి వంటిది. కొవ్వును మండించి శక్తిని ఇస్తుంది. పెద్ద దుంగలు ఆ పొయ్యిలో పట్టవు. వాటిని ముందుగా చిన్న ముక్కలు చేసే చోటు పెరాక్సిసోము. అతి పొడవైన కొవ్వు ఆమ్లాలు ఇక్కడ తెగుతాయి. ఆ పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పుండ్లు కడగడానికి ఆసుపత్రిలో నురుగు వచ్చే ద్రావకం వాడతామే, అదే. అది కణానికి హానికరం. కాబట్టి దానిని నీరుగా, ప్రాణవాయువుగా విరిచివేసే కాటలేజ్ అనే ఎంజైము కూడా ఆ సంచిలోనే ఉంటుంది. నిప్పు ఉన్న చోటనే నీళ్ళకుండ పెట్టుకున్నట్లు ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. పుట్టుకతో ఈ సంచులు సరిగా ఏర్పడని జెల్‌వెగర్ వ్యాధి సోకిన శిశువులు సాధారణంగా మొదటి సంవత్సరం దాటి బ్రతకరు. అంతటి అవసరమైన వస్తువు ఇది.

మంచి మందు, ఉబ్బిన కాలేయం

1960లలో క్లోఫైబ్రేట్ అనే మందు వచ్చింది. ఇంగ్లండుకు చెందిన ఐ.సి.ఐ. సంస్థ దీనిని తయారు చేసింది. రక్తంలో కొవ్వు తగ్గించే మందుగా ప్రపంచమంతటా వాడారు. దీనిని ఎలుకలకు ఇచ్చినప్పుడు ఒక వింత కనబడింది. వాటి కాలేయం పెద్దదైంది. సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల నిండా పెరాక్సిసోములే. మామూలుగా కణంలో కొద్ది చోటు మాత్రమే ఆక్రమించే ఈ సంచులు దాదాపు పది రెట్లు పెరిగాయి. కాన్సాస్‌లో డొనాల్డ్ స్వొబోడా, డేనియల్ అజార్నాఫ్ ఈ విషయాన్ని పరిశీలిస్తున్నారు. రెడ్డిగారు అక్కడ చేరి దీనిని తన ప్రశ్నగా స్వీకరించారు.

ఆ రోజులలో చాలామంది దృష్టిలో ఇది ఒక వింత మాత్రమే. ఎలుక చనిపోలేదు. కాలేయ కణాలు కుళ్ళలేదు. మందు ఆపితే కాలేయం మళ్ళీ మామూలు స్థితికి వస్తున్నది. ఇక దీనిలో భయపడవలసినది ఏమున్నది? రెడ్డిగారు అక్కడ ఆగలేదు. వేరే ఏ రసాయనాలు ఇదే పని చేస్తాయని వెదికారు. 1975లో ఆయన, టి. పి. కృష్ణకాంత కలిసి 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. క్లోఫైబ్రేట్‌తో నిర్మాణంలో ఏ పోలికా లేని రసాయనాలు కూడా పెరాక్సిసోములను పెంచుతున్నాయని అందులో చూపారు. ఇటువంటి రసాయనాలన్నిటికీ కలిపి "పెరాక్సిసోము ప్రొలిఫరేటర్లు", అంటే పెరాక్సిసోములను వృద్ధి చేసేవి, అన్న పేరు ఆయన పెట్టినదే.

ఆ తరువాతి ప్రశ్న ఇంకా గట్టిది. వారం, నెల కాక ఏడాది, ఏడాదిన్నర ఇస్తే ఏమవుతుంది? ఎలుక ఆయుష్షే రెండు, రెండున్నర సంవత్సరాలు. దాదాపు దాని జీవితమంతా ఇచ్చి చూడాలి. ఓపిక కావాలి, డబ్బు కావాలి, ఫలితం ఏమీ రాకపోయినా ఫరవాలేదనుకునే తెగువ కావాలి. చూశారు. కాలేయంలో క్యాన్సరు గడ్డలు వచ్చాయి. 1976లో నఫెనోపిన్ అనే మందుపై మొదటి ఫలితం వెలువడింది. 1980లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన వ్యాసంలో, రక్తంలో కొవ్వు తగ్గించే పెరాక్సిసోము ప్రొలిఫరేటర్లు ఒక కొత్త తరగతికి చెందిన క్యాన్సరు కారకాలని రెడ్డిగారు, అజార్నాఫ్, హిగ్నైట్ ప్రతిపాదించారు.

ఎందుకు కొత్త తరగతి? ఇక్కడ అసలు సంగతి ఉన్నది. కాలిఫోర్నియాలో బ్రూస్ ఏమ్స్ 1970లలో ఒక సులభమైన పరీక్ష కనిపెట్టాడు. ఒక రసాయనం బాక్టీరియా జన్యువులలో మార్పు తెస్తుందా లేదా అన్నది ఆ పరీక్షలో రెండు, మూడు రోజులలో తేలుతుంది. జన్యువును గాయపరిచేదే క్యాన్సరు తెస్తుందని అప్పటి నమ్మకం. ఈ మందులు ఆ పరీక్షలో నిర్దోషులుగా బయటపడ్డాయి. ప్రాణం తీయవు, జన్యువును నేరుగా కొరకవు. అయినా దీర్ఘకాలంలో ఎలుకలకు క్యాన్సరు తెస్తున్నాయి. పెరాక్సిసోములు విపరీతంగా పెరిగినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడు ఉత్పత్తి కూడా పెరిగి, దానిని విరిచే కాటలేజ్ మాత్రం ఆ మేరకు పెరగక, ఆ మిగులు కణాన్ని ఏళ్ళ తరబడి కాలుస్తుందని రెడ్డిగారు వివరణ ఇచ్చారు. నిప్పు పది రెట్లైంది, నీళ్ళకుండ రెండు రెట్లే అయింది అన్నమాట. ఈ వివరణ సంపూర్ణం కాదని తరువాత తెలిసింది. కణాలు అదుపు లేకుండా విభజన చెందడం కూడా ముఖ్యమైన కారణమని తేలింది. కానీ ప్రశ్నను సరియైన చోట నిలిపింది ఆయనే.

తాళం, తాళంచెవి

పొంతన లేని ఇన్ని రసాయనాలు ఒకే పని ఎట్లా చేస్తున్నాయి? కణంలో ఎక్కడో ఒకే తాళం ఉండి ఉండాలి, ఇవన్నీ దానికి పట్టే తాళంచెవులై ఉండాలి అని ఆయన ఊహించారు. 1983లో లల్వానీ మొదలైన సహచరులతో కలిసి, ఎలుక కాలేయంలో ఈ రసాయనాలు అంటుకొనే ప్రోటీను ఒకటి ఉన్నదని చూపారు. చాలామంది సందేహించారు. 1990లో ఇస్సేమన్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు అటువంటి గ్రాహకం జన్యువును వేరు చేసి చూపించారు. దాని పేరు పి.పి.ఎ.ఆర్. ఆ పొడి అక్షరాలలోని మొదటి రెండూ రెడ్డిగారు పెట్టిన పేరు నుంచి వచ్చినవే. మరొక విశేషం గమనించండి. ఆ పని జరిగినది ఐ.సి.ఐ. సంస్థవారి విషశాస్త్ర ప్రయోగశాలలో. క్లోఫైబ్రేట్‌ను తయారు చేసిన సంస్థయే దాని తాళాన్ని కూడా వెదికింది. విషశాస్త్రం పరిశ్రమకు శత్రువు కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ గ్రాహకం కుటుంబంలో ఆల్ఫా, డెల్టా, గామా అని ముగ్గురు. ఆల్ఫా కాలేయంలో కొవ్వు దహనాన్ని నడుపుతుంది. గామా కొవ్వు కణాల తయారీని, ఇన్సులిన్ పనితీరును ప్రభావితం చేస్తుంది. మన ఇళ్ళలో మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్ మాత్ర గామా తాళానికి చెవి. ట్రైగ్లిసరైడ్లకు వాడే ఫెనోఫైబ్రేట్ ఆల్ఫా తాళానికి చెవి. 2013లో మన దేశంలోనే అనుమతి పొందిన సరోగ్లిటజార్ ఆ రెండింటికీ పనికివచ్చే చెవి. విషం ఎట్లా పనిచేస్తుందని బయలుదేరిన పరిశోధన చివరకు మందుల పెట్టె తెరిచింది. ఈ మాత్రలు వాడుతున్నవారు నా వ్యాసం చదివి భయపడి మానవద్దు. ఫైబ్రేట్లు దశాబ్దాలుగా వాడుతున్నా మనుషులలో కాలేయ క్యాన్సరు తెచ్చినట్లు రుజువు కాలేదు. సందేహం ఉంటే మీ వైద్యుని అడగండి.

రెడ్డిగారి బృందం అంతటితో ఆగలేదు. పెరాక్సిసోములో కొవ్వు తెగే మొదటి మెట్టులో పనిచేసే ఎంజైము లేని ఎలుకలను 1996లో తయారు చేశారు. ఆ ఎలుకల కాలేయాలలో కొవ్వు పేరుకొని, వాచి, పెద్దయిన తరువాత క్యాన్సరు గడ్డలు కూడా వచ్చాయి. ఏ రసాయనమూ ఇవ్వకుండానే! కొవ్వు దహనం సరిగా జరగకపోవడమే కాలేయానికి దీర్ఘకాలంలో ముప్పు అన్నమాట. ఈనాడు మన ఊళ్ళలో స్కానింగు తీయించుకున్న ప్రతి రెండవ మనిషీ "ఫ్యాటీ లివర్ అన్నారండీ" అంటూ కాగితం పట్టుకొని వస్తున్నాడు. ఆ కాగితం వెనుక ఉన్న విజ్ఞానంలో ఒక పాయ ఇది.

ఎలుకకు వచ్చినది మనిషికి వస్తుందా?

ఇది సామాన్య పాఠకుడు తప్పక అడగవలసిన ప్రశ్న. దీనికి సమాధానం ఒక ప్లాస్టిక్ కథలో ఉన్నది.

గట్టి పి.వి.సి. ప్లాస్టిక్‌ను మెత్తగా, వంగేటట్లు చేయడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. వాటిలో ముఖ్యమైనది డి.ఇ.హెచ్.పి. సెలైను గొట్టాలలో, రక్తపు సంచులలో దీనిని విరివిగా వాడారు. ఇది కూడా పెరాక్సిసోము ప్రొలిఫరేటరే. రెడ్డిగారి బృందం 1970లలోనే దీనిని గమనించింది. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో ఎన్ని వందల సెలైను సీసాలు ఆ గొట్టాలతో ఎక్కించి ఉంటానో! ఆ గొట్టంలోనుంచి కూడా కొంత రసాయనం రోగి ఒంట్లోకి పోతుందని అప్పుడు నాకు తెలియదు.

1982లో అమెరికా ప్రభుత్వ పరీక్షలలో డి.ఇ.హెచ్.పి. ఎలుకలకు కాలేయ క్యాన్సరు తెచ్చింది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని మనుషులకు క్యాన్సరు తేగల అవకాశం ఉన్న వస్తువుల జాబితాలో చేర్చింది. పి.పి.ఎ.ఆర్. ఆల్ఫా లేని ఎలుకలకు ఈ తరగతికి చెందిన ఒక శక్తివంతమైన రసాయనం ఇచ్చినా క్యాన్సరు రాలేదని 1990లలో తేలింది. మనిషి కాలేయంలో ఈ గ్రాహకం ఎలుక కాలేయంలో కంటే తక్కువ. మనిషి గ్రాహకం ఉత్తేజితమైనా కణ విభజన ఎలుకలలో వలె జరగదు. ఈ ఆధారాలతో 2000లో ఆ సంస్థ తన నిర్ణయాన్ని సడలించి, వర్గీకరణకు ఆధారాలు చాలని జాబితాలోకి మార్చింది. ఆ గ్రాహకం లేని ఎలుకలలో కూడా దీనివలన గడ్డలు వచ్చాయని, వేరే దారులు కూడా ఉండవచ్చునని తరువాతి పరిశోధనలు సూచించాయి. 2011లో మళ్ళీ పాత జాబితాలోకి తెచ్చారు.

"చూశారా, ఈ శాస్త్రవేత్తలకే ఒక మాట మీద నిలకడ లేదు" అని కొందరు నవ్వవచ్చు. నేను ఆ నవ్వులో కలవను. రోగి నాడి చూసి ఒక మాట చెప్పి, రక్త పరీక్ష వచ్చాక మాట మార్చుకొనే వైద్యుడే మంచి వైద్యుడు. ఆధారం మారినా మాట మార్చనివాడు ప్రమాదకారి. ఎలుకకు వచ్చినదల్లా మనిషికి వస్తుందని గోల చేయడం ఎంత తప్పో, "అది ఎలుక, నేను మనిషిని" అని కొట్టిపారవేయడం అంత తప్పు. ఏ దారిన హాని జరుగుతున్నది, ఆ దారి మనిషిలో ఉన్నదా లేదా అని అణువుల స్థాయిలో చూడాలి. విషశాస్త్రానికి అణుజీవశాస్త్రం తోడు కావలసిన చోటు ఇదే. జనార్దన్ రెడ్డిగారి జీవితమంతా ఆ రెండింటి కలయికే.

మన తోటల మాట

ఇప్పుడు మా రైతు చేతిలోని డబ్బాకు వద్దాము. మన దేశంలో పురుగుమందు డబ్బాలన్నిటి మీద ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో ఏదో ఒకటి. ఎరుపు అత్యంత విషపూరితం, ఆకుపచ్చ అతి తక్కువ. ఈ రంగు దేనిని బట్టి నిర్ణయిస్తారు? ప్రయోగంలోని ఎలుకలలో సగం చనిపోవడానికి ఎంత మోతాదు పడుతుందన్న లెక్కను బట్టి. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే చంపేది ఎరుపు. 5,000 మిల్లీగ్రాములు దాటినా చంపనిది ఆకుపచ్చ. అంటే ఈ రంగు తక్షణ మరణాన్ని గురించి మాత్రమే మాట్లాడుతుంది. పది సంవత్సరాల పాటు, ప్రతి పూతకు, ముఖానికి గుడ్డ లేకుండా పీల్చే మనిషి కాలేయం గురించి, మూత్రపిండాల గురించి, అతని ఇంట్లో గర్భిణి గురించి ఆ రంగు ఒక్క ముక్క చెప్పదు.

పైన చెప్పిన డి.ఇ.హెచ్.పి.ని ఈ కొలబద్దతో కొలిస్తే దానికి ఆకుపచ్చ గుర్తే వస్తుంది. మామిడిలో మచ్చ తెగులుకు వాడే మాంకోజెబ్‌కు తక్షణ విషప్రభావం చాలా తక్కువ. అయినా సంతానోత్పత్తిపై హాని చేయగలదన్న కారణంతోపాటు మరికొన్ని కారణాలతో యూరపు దేశాల కూటమి 2020లో దాని అనుమతిని పునరుద్ధరించలేదు. నేను రైతులను భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. తెగులు వచ్చినప్పుడు మందు కొట్టకపోతే పూత రాలిపోయి అప్పు మిగులుతుందని నాకు తెలుసు. ఆకుపచ్చ గుర్తు ఉన్నదని ముఖానికి గుడ్డ తీసివేయవద్దని మాత్రమే చెబుతున్నాను.

ఎరుపు గుర్తు మందుల సంగతి మా తరం వైద్యులకు బాగా తెలుసు. కంటిపాపలు గుండుసూది మొన అంత అయి, నోటి వెంట నురగతో, తడిసి ముద్దయిన బట్టలతో ఎడ్లబండి మీద తెచ్చేవారు. రాత్రంతా కూర్చొని అట్రోపిన్ ఇస్తూ, నాడి పట్టుకొని తెల్లవారేదాకా చూసేవాళ్ళము. ఒకసారి నేను పనిచేసిన చోట అట్రోపిన్ నిల్వ నడిరాత్రి అయిపోయింది. అవతలి ఊరి మందుల దుకాణం తలుపు తట్టించి తెప్పించేసరికి ఆ యువకుడు దక్కలేదు. అతనికి పెళ్ళయి ఏడాది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. ఆ విషం మా కళ్ళ ఎదుట చంపింది, కాబట్టి అది విషమని అందరికీ తెలిసింది. కళ్ళ ఎదుట చంపని దానిని విషమని ఎవరు గుర్తిస్తారు? గుర్తించడానికి మన దగ్గర ఎవరున్నారు?

2020 డిసెంబరులో మన పక్కనే ఏలూరులో ఏమి జరిగినదో మరచిపోయామా? 600 మందికి పైగా మనుషులు ఉన్నట్టుండి మూర్ఛలతో, కళ్ళు తిరిగి పడిపోయారు. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి నిపుణులు వచ్చారు. ముందు రక్తంలో సీసం, నికెల్ అన్నారు. తరువాత పురుగుమందుల అవశేషాలన్నారు. రోగులు కోలుకొని ఇళ్ళకు వెళ్ళారు, వార్త పత్రికల లోపలి పేజీలకు జారింది. ఆ మనుషుల ఆరోగ్యం ఐదేళ్ళకు, పదేళ్ళకు ఎట్లా ఉన్నదని ఇంటింటికీ వెళ్ళి చూడవలసిన అవసరం ఉన్నది. తక్షణ ప్రమాదం గడిచిపోయినంత మాత్రాన కథ ముగియదన్నది రెడ్డిగారి ఎలుకలు చెప్పిన పాఠం.

ఇంకా దగ్గరకు వస్తే, మైలవరానికి ఎంతో దూరం లేని ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండాల వ్యాధి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో ఏళ్ళుగా అదే బాధ. భూగర్భ జలమా, అందులోని ఖనిజాలా, పురుగుమందులా, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే చాకిరీయా, నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా, ఇవన్నీ కలిసియా అని పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి. మంచినీటి పథకాలు వచ్చాయి, పలాసలో 2023లో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. సంతోషమే. డయాలిసిస్ యంత్రం మునిగిపోతున్నవానికి తాడు వేస్తుంది. వాడు ఏ గట్టు మీద కాలు జారాడో తెలుసుకోకపోతే రేపు వాని కొడుకు అక్కడే జారుతాడు.

నా అభిప్రాయం

మనకు తెలివికి కొదవ లేదు. ఉస్మానియాలో చదివిన ఒక తెలుగు వైద్యుడు ఈ శాస్త్రంలో కొత్త అధ్యాయాన్ని తెరిచాడు. అమెరికాలో ఆయన పక్కన సంవత్సరాల తరబడి పనిచేసినవారిలో ఎం. సాంబశివరావుగారి వంటి తెలుగు పథాలజిస్టులు ఉన్నారు. ఆ పని ఇక్కడ ఎందుకు జరగలేదన్నది అసలు ప్రశ్న. ఏడాదిన్నర ఎలుకలను పెంచి ఎదురుచూడడానికి మన వద్ద ఎవరూ జీతం ఇవ్వరు. ఈ ఏడాది బడ్జెట్టు ఈ ఏడాదే ఖర్చు కావాలి, ఫలితం వచ్చే నెలకే కావాలి. మెల్లగా పనిచేసే విషాన్ని పట్టుకోవడానికి మెల్లగా పనిచేసే శాస్త్రం కావాలి. దానిని పోషించే ఓపిక మన ప్రభుత్వాలకు, మనకు కూడా ఉండాలి.

నేను కోరేవి గొంతెమ్మ కోరికలు కావు. మామిడి, మిరప, పత్తి పండించే ప్రాంతాల ఆసుపత్రులలో కోలినెస్టరేజ్ రక్త పరీక్ష అందుబాటులో ఉండాలి. మందులు కొట్టే కూలీలకు సీజను ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఈ పరీక్ష చేస్తే శరీరంలో ఎంత ప్రభావం పడినదో తెలుస్తుంది. మూత్రపిండాల, కాలేయ వ్యాధుల లెక్కలు గ్రామాల వారీగా, వృత్తుల వారీగా నమోదు కావాలి. ఏలూరు వంటి సంఘటన జరిగినప్పుడు సేకరించిన రక్తం, నీరు, ఆహారం నమూనాలు భద్రపరచి, మెరుగైన పరీక్షలు వచ్చినప్పుడు మళ్ళీ చూసే ఏర్పాటు ఉండాలి. మన వైద్య కళాశాలలలో విషశాస్త్రం అంటే ఆత్మహత్య కేసుల శవపరీక్ష మాత్రమేనన్న స్థితి పోవాలి.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి.

1. డబ్బా మీద ఏ రంగు ఉన్నా చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ, ఒంటినిండా బట్ట తప్పనిసరి. గాలికి ఎదురుగా నిలబడి కొట్టవద్దు.

2. మందు కొట్టిన బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. వేరుగా ఉతకాలి. స్నానం చేసిన తరువాతే అన్నం, బీడీ.

3. ఖాళీ డబ్బాలు నీళ్ళకు, నూనెకు వాడవద్దు. మూత తీసి, చిల్లు పెట్టి పనికిరాకుండా చేయాలి.

4. కోతకు ముందు ఎన్ని రోజులు మందు ఆపాలో డబ్బాతో వచ్చిన కాగితంలో ఉంటుంది. చదవలేకపోతే చదివించుకోండి.

5. కాయలు మగ్గబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడవద్దు. చట్టం దానిని నిషేధించింది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. గడ్డిలో మగ్గించే పాత పద్ధతి, లేదా అనుమతించిన మేరకు ఎథిలీన్ వాయువు చాలు.

6. తలనొప్పి, వాంతి, చూపు మసక, ఎక్కువ చెమట వంటివి మందు కొట్టిన రోజున కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. డబ్బాను వెంట తీసుకొని వెళ్ళండి. చాలాసార్లు ఆ డబ్బాయే ప్రాణం నిలబెడుతుంది.

మా రైతుకు ఆ రోజు ఇవన్నీ చెప్పలేదు. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు రాసి ఇచ్చాను. "ఆ గుర్తు నువ్వు ఈ రోజు బ్రతుకుతావని మాత్రమే చెబుతుందయ్యా. నీ మనవడి పెళ్ళినాటికి ఎట్లా ఉంటావో అది చెప్పదు. దానికోసం ముఖానికి గుడ్డ కట్టుకో" అన్నాను. కొద్దిసేపు ఆ డబ్బా వైపు చూసి, తల ఊపి వెళ్ళాడు. వారం తరువాత పరీక్షల కాగితాలు తెచ్చాడు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. "అయితే గుడ్డ అక్కరలేదాండీ?" అని నవ్వుతూ అడిగాడు. కాగితాలు మడిచి ఇచ్చి, వచ్చే ఏడాది పూతకు ముందు మళ్ళీ ఇవే పరీక్షలు చేయించుకొని రమ్మన్నాను.